జీబ్రాను వదిలేసి గడ్డిని పట్టుకోవాలె

పెండ్లి వీడియోలు తీసేటోళ్ల దగ్గర జీబ్రా అంటే కెమెరాల ఒక ఆప్షన్. వెలుతురు ఎక్కువైన జాగల స్క్రీన్ మీద ఏటవాలు చారలు కదులుతుంటయ్, పెండ్లిపిల్ల నొసటి మీద గవి కనబడంగనే ఎక్స్‌పోజర్ ఒక మెట్టు దించుతం, పని అయిపోతది. హన్మకొండల స్టూడియో పెట్టినప్పటి సంది నాకు తెల్సిన జీబ్రా గదొక్కటే. అసలు జీబ్రాలు నా టేబుల్ మీదికి మొన్న మొన్ననే వచ్చినయ్. ఎప్పటి సందో మనకు కస్టమర్ అయిన డాక్టర్ సార్ ఒకాయన ఆగస్టుల ఇంటిల్లిపాది కెన్యా పోయొచ్చిన్రు, మసాయి మారాల గుంపులు నది దాటే సీజన్ గదే గద, జులై నుంచి అక్టోబర్ దాక సెరెంగెటి వైపు నుంచి వైల్డ్‌బీస్ట్‌లు, జీబ్రాలు వస్తనే ఉంటయ్, సార్ హార్డ్ డిస్క్ నిండ గవే. "అన్నా, మంచియి ఏరి బ్లాక్ అండ్ వైట్ ఆల్బం వెయ్యి. జీబ్రా పుట్టుకతోనే బ్లాక్ అండ్ వైట్, నీకు సగం పని తక్కువ" అని నవ్విన్రు. నేను గూడ నవ్విన. కలర్ తీసేస్తే అయిపాయె అనుకున్న.

అయిపోలే. మొదటి ఫోటోల కలర్ మొత్తం గుంజేసి చూస్తే జీబ్రా సగమే కనబడ్తుంది. వీపు మీద చారలు బాగనే ఉన్నయ్, పొట్ట కాడికి, కాళ్ల కాడికి వచ్చేసరికి తెల్ల చారలు గడ్డిలకు కరిగిపోయినయ్, నల్ల చారలు ఒక్కటే గాలిల వేలాడుతున్నట్టు మిగిలినయ్. కలర్ ఫోటోల మాత్రం బంగారం లెక్క ఎండుగడ్డి, దాంట్ల జీబ్రా, కండ్లకు కొట్టొచ్చినట్టు ఉండె. మరి ఏమైంది?

కర్సర్ పెట్టి నంబర్లు చూస్తే అర్థమైంది, ఒక్కొక్క రంగు వెలుగుకు 0 నుంచి 255 దాక ఒక నంబరు ఉంటది, ఎక్కువ ఉంటే ఎక్కువ వెలుగు. నీడల ఉన్న పొట్ట మీది తెల్ల చార, ఎరుపు 170, ఆకుపచ్చ 160, నీలం 145. పక్కనే ఎండ పడ్డ గడ్డి, ఎరుపు 190, ఆకుపచ్చ 160, నీలం 95. రెండింటి రంగు ఎంత తేడానో చూడున్రి. ఇగ వీటిని గ్రే చేసే సాదా లెక్క ఒకటి ఉన్నది, పాత టీవీల కాలం సంది నడుస్తున్నదే, ఎరుపుల నూటికి 30 వంతులు, ఆకుపచ్చల 59, నీలంల 11 తీసి కలపాలె. ఆకుపచ్చకు అంత పెద్ద వాటా ఎందుకంటే మన కన్నుకు ఆ వెలుగే ఎక్కువ ప్రకాశంగ కనబడ్తది. గట్ల కలిపితే చార 161 వచ్చింది, గడ్డి 162 వచ్చింది. ఒక్క నంబరు తేడా, అది ఏ కన్నుకు కనబడ్తది? సాఫ్ట్‌వేర్‌ను బట్టి లెక్క జర అటిటు మారుతది గాని కథ ఇదే. కలర్ల పసుపు వేరు, తెలుపు వేరు అని మనకు తెలిసేది రంగుతోని, వెలుగుతోని కాదు, ఆ రంగు తీసేసినంక వాటిని విడదీసేది ఏం మిగుల్తలేదు.

మస్తు మంది ఇక్కడ చేసే తప్పు, నేను గూడ చేసింది, కాంట్రాస్ట్ పెంచుడు. పెంచుతనే పోతే నల్ల చారలు తారు అయితయ్, వీపు మీది తెల్ల చారలు సున్నం కొట్టిన గోడ అయితయ్, పొట్ట కాడ మాత్రం గడ్డి, చార కలిసే ఉంటయ్, ఎందుకంటే 161ని, 162ని ఎంత సాగదీసినా గవి రెండు ఒకదాన్నొకటి ఇడువయ్.

అసలు కీలకం బ్లాక్ అండ్ వైట్ మిక్సర్‌ల ఉన్నది. ఫోటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌ల ఎనిమిది స్లైడర్లు ఉంటయ్, ఎరుపు, నారింజ, పసుపు నుంచి ఊదా, మెజెంటా దాక, ఒక్కొక్క స్లైడర్ ఆ రంగు ఉన్న జాగను గ్రేలకు మార్చేటప్పుడు ఎంత తెల్లగ చెయ్యాలె, ఎంత నల్లగ చెయ్యాలె అని చెప్తది. దీంట్ల తమాషా ఏందంటే రంగు లేని దాన్ని ఈ స్లైడర్లు ముట్టుకోవు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు సమానం ఉన్న పిక్సెల్ ఎనిమిది స్లైడర్లను ఎట్ల గుంజినా కదలదు. మరి జీబ్రా ఏంది? ఇంచుమించు రంగు లేని జంతువు! అంటే మనం జీబ్రా ఫోటోను ఎడిట్ చేస్తున్నం అనుకుంటం గాని మిక్సర్‌ల జీబ్రా గుంజ లెక్క కదలకుంట నిలబడ్తది, దాని చుట్టూ ఉన్న గడ్డి, మట్టి, మొగులు మాత్రం మన చేతుల్ల ఉంటయ్. పసుపు స్లైడర్ మైనస్‌కు దించిన, గడ్డి నల్లబడ్డది, పొట్ట మీది తెల్ల చారలు ఒక్కసారి బయటికి వచ్చినయ్. అదే స్లైడర్ ప్లస్‌కు పెడితే గడ్డి తెల్లగయి నల్ల చారలు ముందుకొస్తయ్, మంచులో నిలబడ్డట్టు ఉంటది. రెండూ కరెక్టే, ఏ ఫోటోకు ఏది అనేది మన ఇష్టం, కాని రెండింటి నడుమ ఆపినవంటే మల్ల అదే బూడిద.

మనోళ్లకు ఇది ఈజీగ తెల్వాలంటే రామప్ప పోవాలె. 1213ల కట్టిన గుడి, 2021ల యునెస్కో లిస్టుల ఎక్కింది. గుడి గోడలు, స్తంభాలు ఎర్ర ఛాయ ఉన్న ఇసుకరాయి, చూరు కింద బయటికి వంగి ఉన్న మదనికలు, అంటే ఆడోళ్ల శిల్పాలు, నల్లరాయి. మా స్టూడియోకు ప్రీ వెడ్డింగ్ షూట్లోళ్లు ఆ గుడి ఉన్న పాలంపేట పోయి తెచ్చే ఫోటోలు బ్లాక్ అండ్ వైట్ చేసినప్పుడల్లా ఎరుపు, నారింజ స్లైడర్లు పైకి లేపుత, రాయి తేటగయి మదనిక నడుము ఒంపు దాక గీసినట్టు కనబడ్తది, కిందికి దించితే గుడి మొత్తం ఒకటే చీకటి ముద్ద. మదనికకు రంగు లేదు కాబట్టి అది కదలదు, ఎనకున్న రాయి కదులుతది. ఏండ్ల సంది చేత్తో చేస్తున్న పనే, ఎందుకు అట్లయితదో జీబ్రా వచ్చినంక గాని నాకు తెల్వలే.

దీన్నే ఇంకో దారిల చూడొచ్చు. ఆరో నిజాం దగ్గర దర్బారు ఫోటోగ్రాఫర్‌గ ఉన్న రాజా దీన్ దయాళ్ కాలంల గాజు పలకల మీది మందుకు నీలం వెలుగే బాగ తగిలేది, ఎరుపు దానికి దాదాపు కనబడేదే కాదు. గందుకే ఆ కాలం ఫోటోల్ల మొగులు తెల్ల కాగితం లెక్క ఉంటది, ఎర్ర బట్ట నల్లగ పడ్తది. ఫోటోషాప్‌ల చానెల్స్, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను విడివిడిగ చూపేటియి, తెరిచి నీలం ఒక్కటే చూడున్రి, మీరు ఆ గాజు పలక కండ్లతోని చూస్తున్నట్టే. మన ఫోటోల నీలంల గడ్డి 95, చార 145, విడిగ కనబడ్తయ్. ఎరుపు చానెల్‌ల తిర్లమర్ల, గడ్డి 190, చార 170, గడ్డే చార కంటే తెల్లగ. మరి నీలం చానెల్ ఒక్కటే తీస్కొని పని కానియ్యొచ్చు గద అంటే, డిజిటల్ ఫోటోల నాయిస్ ఎక్కువ ఉండేది గదాంట్లనే, నీడలు ఇసుక చల్లినట్టు అయితయ్. మిక్సర్‌ల నీలం స్లైడర్‌ను మరీ కిందికి దించినా గదే గోస, మొగులు ముద్దలు ముద్దలుగ విరిగి, చెవుల అంచుకు, జూలు అంచుకు సన్నటి తెల్ల గీత వస్తది. ఒకసారి వచ్చిందంటే ప్రింట్‌ల దాన్ని ఎవ్వలు దాచలేరు.

"జీబ్రాకు రంగు లేదు" అన్న గద, అది పూర్తి నిజం కాదు, ఇంచుమించు నిజం. జీబ్రా మట్టిల బొర్లుతది. తెల్ల వెంట్రుకలకు దుమ్ము పట్టి చార లేత కాఫీ రంగుకు వస్తది, పొద్దు గూకే టైంల తీస్తే మొత్తం జంతువే నారింజ. దక్షిణ ఆఫ్రికా దిక్కు జీబ్రాలకు తెల్ల చారల నడుమ లేత గోధుమ రంగు నీడ చారలు గూడ ఉంటయ్. వీటి మీద నారింజ స్లైడర్ పని చేస్తది, మనకు తెల్వకుంటనే చేస్తది. గందుకే వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగనే పడేటట్టు ఫోటో రంగును సర్దుడు, ముందు సరిచెయ్యాలె, బ్లాక్ అండ్ వైట్ ల ఇంక వైట్ బ్యాలెన్స్ ఎందుకన్నా అని మా షాపు తమ్ముడు అడిగిండు, ఎందుకంటే మిక్సర్ చూసేది వైట్ బ్యాలెన్స్ అయినంక మిగిలిన రంగును, అక్కడ జర వేడి ఎక్కువ పెట్టినవంటే తెల్ల చార పసుపు కిందికి పోయి గడ్డితోని పాటే నల్లబడ్తది.

ఇగ తెలుపు సంగతి. భూమధ్యరేఖ పక్కన మిట్టమధ్యాహ్నం ఎండ అంటే చెప్పేదేముంది, వీపు మీది తెల్ల చారలు కాలిపోతయ్, అంటే వివరం పోయి ఉత్త తెలుపు అయితయ్. సార్ రా ఫైల్స్ల, అంటే కెమెరా పట్టిన వెలుగును కుదించకుంట ఉన్నదున్నట్టు దాచే ఫైళ్లల్ల, తీసిన్రు కాబట్టి బతికిపోయిన, 14 బిట్ రా ల ఒక్కొక్క చానెల్‌కు 16384 మెట్లు, జేపెగ్‌ల 256 మెట్లే, హైలైట్స్ కిందికి గుంజితే రా ల వెంట్రుకలు మల్ల దొరుకుతయ్, జేపెగ్‌ల బూడిద పూసినట్టు అయితది అంతే. హిస్టోగ్రామ్, అంటే ఫోటోల చీకటి ఎంత, వెలుగు ఎంత అని చూపే గ్రాఫ్, చూస్తే ఈ ఫోటోలకు ఒంటె వీపు లెక్క రెండు గుట్టలు, ఎడమ పక్కన నల్ల చారలు, కుడి పక్కన తెల్ల చారలు. కొత్తోళ్లు ఎడమ గుట్టను 0 దాక, కుడి గుట్టను 255 దాక తోస్తరు, నలుపు నల్లగ తెలుపు తెల్లగ ఉండాలె గద అని. ఉండొద్దు. అన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనేటోళ్లు 1940 ప్రాంతంల జోన్ సిస్టం అని పెట్టిన్రు, కటిక నలుపు 0 నుంచి ఉత్త కాగితం తెలుపు 10 దాక పదకొండు మెట్లు, దాంట్ల తెలుపులో నేత కనబడాలంటే ఏడు, ఎనిమిది మెట్లల్లనే ఆగాలె. నేనైతే ఎండల ఉన్న చారను 225, 240 నడుమ ఆపుతున్న, నీడల ఉన్నదాన్ని 180 దగ్గరే వదిలేస్తున్న. 180 అంటే తెలుపు ఏంది, బూడిద గద అంటరు. ఒక విజిటింగ్ కార్డుకు పెన్ను మొన అంత పొక్క కొట్టి స్క్రీన్ మీద ఆ చార ఒక్కటే కనబడేటట్టు పెట్టి చూడున్రి, నిజంగనే బూడిదే. కార్డు తీసెయ్యంగనే తెల్లగయితది! పక్కన నలుపు ఉన్నది కాబట్టి కన్నే దాన్ని తెలుపు చేస్కుంటది. మా తమ్ముడు ఆ కార్డు పెట్టుకుంట తీసుకుంట పది నిమిషాలు ఆడిండు, ఆ కార్డు ఇంక డ్రాయర్లనే ఉన్నది.

నల్ల చార గూడ అంతే, దాంట్ల వెంట్రుకల మెరుపు ఉంటది, మూతి కాడ నలుపుల ముడతలుంటయ్, కొద్దిగ లేపాలె. మిగతాది డాడ్జ్, బర్న్ పని, అంటే బ్రష్‌తోని కొన్ని జాగలు తేటగ, కొన్ని నల్లగ చేసుడు, బ్రష్ జోరు (ఫ్లో) అయిదారు శాతం పెట్టి పొట్ట గుండ్రం తేవాలె, లేకపోతే చారలు అట్టముక్క మీద గీసినట్టు చప్పగ పడ్తయ్.

అంచుల గురించి జర ఎక్కువ చెప్పాలె, ఎందుకంటే జీబ్రా అంటేనే అంచులు. మామూలు జంతువుకు ఒంటి చుట్టూ ఒక అంచు ఉంటది, దీనికి ప్రతి చారకు రెండు. లెన్స్‌ల నలుపు తెలుపు కలిసే కాడ ఊదారంగు పొర వస్తది చూడున్రి, కలర్ల అది ఊదాగ తెలుస్తది, బ్లాక్ అండ్ వైట్ చేసినంక అదే బూడిద గీత అయి ఫోకస్ తప్పినట్టు మోసం చేస్తది. అందుకే ఆ ఫ్రింజింగ్ కలర్ల ఉన్నప్పుడే తీసెయ్యాలె, తర్వాత ఎతికితే దొరకదు. ఇగ క్లారిటీ, అంచుల కాడ కాంట్రాస్ట్ పెంచే స్లైడర్. పెండ్లి ఫోటోల్ల మనోళ్లు క్లారిటీ 40 కొట్టుడు అలవాటు, జీబ్రా మీద 40 కొడితే ప్రతి తెల్ల చార అంచు ఇంక తెల్లగ, ప్రతి నల్ల చార అంచు ఇంక నల్లగ అయితది, చార నడుమ మాత్రం వెలవెలబోతది, మొత్తం ప్లాస్టిక్ బొమ్మ. నేను 10 దాటుతలేను, దాన్ని గూడ గడ్డి మీద మైనస్ పెడుతున్న.

దూరం నుంచి తీసిన గుంపు ఫోటోలకు ఇంకో రోగం, మోయిరే. సన్న గీతల చొక్కా తొడుక్కున్న పెండ్లికొడుకును వీడియో తీస్తే చొక్కా మీద అలలు ఈదుతయ్ గద, వరంగల్ దర్రీల షాపుల సన్న చారల దర్రీ ఫోన్ల తీసి జూమ్ ఔట్ చేసినా గదే కనబడ్తది. ఫోటోల గీతల కంటే పిక్సెళ్లు పెద్దగైనప్పుడు లేని నమూనా ఒకటి పుట్టుకొస్తది. ఆరువేల పిక్సెళ్ల ఫోటోను వాట్సాప్ కోసం వెయ్యికి దించినప్పుడు ఎనక వరుసల ఉన్న జీబ్రాలకు లేని చారలు మొలిచినయ్, అడ్డం నిలువు. చిన్నగ చేసే ముందు కొద్దిగ మెత్తగ చేసి, చిన్నగ చేసినంకనే షార్ప్ చెయ్యాలె, అంతకుముందే షార్ప్ చేసి దించితే రోగం డబుల్.

ఏఐ మాస్క్, అంటే ఎడిట్ చెయ్యాల్సిన భాగాన్ని సాఫ్ట్‌వేరే ఏరి పట్టేది, దాని సంగతి అడగకున్రి. ఒక్క జీబ్రా అయితే సబ్జెక్ట్ సెలెక్ట్ బాగనే పట్టింది, అయిదు జీబ్రాలు ఒకదాని మీద ఒకటి ఉన్న ఫోటోల మాత్రం ఒకదాని తలకాయ, ఇంకోదాని పిర్రలు, నడుమ ఏ జీబ్రాదో తెల్వని కాలు కలిపి ఒక కొత్త జంతువును తయారు చేసింది. గుంపుల చారలు చూసి సింహం గూడ ఇట్లనే తికమక పడ్తదని ఒక వాదన పాతకాలం సంది ఉన్నది. సింహం పడ్తదో లేదో గాని సాఫ్ట్‌వేర్ పడ్డది, జోరీగలు గూడ పడ్తయ్. 2019ల వచ్చిన ఒక పరిశోధనల ఇంగ్లండ్‌ల గుర్రాలకు చారల బట్ట, నల్ల బట్ట, తెల్ల బట్ట కప్పి చూసిన్రు, చారల బట్ట మీద జోరీగలు చానా తక్కువ వాలినయ్, దగ్గరిదాక వచ్చినయ్ గాని వేగం తగ్గించుకొని వాలుడు వాటికి చాతకాలే. బట్ట లేని తలకాయ మీద మాత్రం అన్ని గుర్రాలకు ఒక్క తీరే వాలినయ్. నేను మాత్రం మాస్క్ చేత్తోనే గీస్కున్న, రెండు రాత్రులు పట్టింది.

ఇప్పుడు నేను చేసిన పెద్ద తప్పు. ఆల్బం డిజైన్ల మనిషి పేజీ లోపలికి చూడాలె, బయటికి చూడొద్దు అని ఒక అలవాటు, పెండ్లి ఆల్బమ్ల ముఖం అటు ఉంటే ఫ్లిప్ కొట్టి, అంటే అద్దంల లెక్క కుడిఎడమలు మార్చి, ఇటు చేస్తం, ఎవ్వలూ పట్టించుకోరు, చీర పైట అటు భుజం మీదికి పోతే మాత్రం ఇంట్ల ఆడోళ్లు పట్టుకుంటరు అది వేరే ముచ్చట. గట్లనే ఒక జీబ్రాను ఫ్లిప్ చేసిన. సార్ బిడ్డ, ఏడో క్లాసు, ప్రూఫ్ చూస్కుంట "అంకుల్, దీనికి భుజం మీద గుల్లేరు లెక్క చీలిన చార ఉంటది, మూడో పేజీల ఇటు దిక్కు భుజానికుంది, ఎనిమిదో పేజీల అటు దిక్కుకు పోయిందేంది?" అన్నది. ఒకటే జీబ్రా అని ఆ పిల్లకు తెల్సు, జీపుల అర్ధగంట దాన్నే చూసుకుంట కూసున్నదట. మనుషుల వేలిముద్రల లెక్క ఏ రెండు జీబ్రాల చారలు ఒక్క తీరు ఉండయ్, ఒకే జీబ్రాకు కుడి పక్క వేరు, ఎడమ పక్క వేరు. కెన్యా ఉత్తరం దిక్కు ఉండే గ్రేవీ జీబ్రాలు, సన్న చారలయి, పొట్ట తెల్లగ ఉండేటియి, వాటిని 2016ల జనాలతోని ఫోటోలు తీయించి, ఒకే పక్క నుంచి కనబడే చారలను కంప్యూటర్‌తోని పోల్చి లెక్కపెట్టిన్రు. అసొంటి లెక్కలకు ఫ్లిప్ చేసిన ఫోటో పోతే లేని జీబ్రా ఒకటి పుడ్తది. చారను క్లోన్ చేసి అతుకు వేసుడు గూడ గంతే, గడ్డిపోచ తీసెయ్యంగ కింద చార ఎట్లున్నదో మనకు తెల్వది, ఊహించి గీస్తే అది ఇంకో జంతువు అయితది. బ్లాక్ అండ్ వైట్ చేసుడు, గడ్డిని నల్లగ చేసుడు నాకు తప్పు అనిపియ్యలే, చారను ముట్టుకునుడు తప్పు అనిపించింది. ఆ పేజీ మల్ల వేసిన, జీబ్రా బయటికే చూస్తది, చూడనీ.

ప్రింట్ కాడ ఇంకో దెబ్బ. ఆల్బం ల్యాబ్‌కు పంపిన, వచ్చిన ప్రింట్ల బూడిద అంతా జర ఆకుపచ్చ. కలర్ పేపర్ మీద బూడిద రంగు నీలిపచ్చ, మెజెంటా, పసుపు మూడు పొరలు సమానం పడితేనే వస్తది, ఒక్కటి జర అటిటు అయినా తెల్ల చార మీద దొరికిపోతది, కలర్ ఫోటోల అయితే గింత తేడా ఎవ్వలికీ తెల్వది. రెండోసారి నేనే కావాలని జర గోధుమ రంగు టోన్ వేసి పంపిన, ఇగ ఆకుపచ్చ దిక్కు గుంజలే. ఇంకోటి, స్క్రీన్ మీద 255 అంటే వెలుగు, ప్రింట్ల 255 అంటే ఉత్త కాగితం, అందుకే చారలు 240 దాటనియ్యకుంట ఆపుడు ప్రింట్లనే ఎక్కువ పనికొచ్చింది, గ్లాసీ పేపర్ వద్దని మ్యాట్ దిక్కు పోయినం.

ఇరవై నాలుగు పేజీల ఆల్బంల ఒక్క ఫోటో మాత్రం నా వల్ల కాలే. తల్లి పొట్ట కింద నిలబడ్డ పిల్ల జీబ్రా. పిల్ల జీబ్రాల చారలు నల్లగ ఉండయ్, గోధుమ రంగుల ఉంటయ్, ఒళ్లంత బొచ్చు. తల్లి మీది దుమ్ము తేట చేద్దామని నారింజ స్లైడర్ లేపితే పిల్ల చారలు వెలిసిపోయి గుర్రం పిల్ల అయిపాయె, దించితే చారలొచ్చినయ్ గాని తల్లి పొట్ట మట్టి కొట్టుకపోయింది. రెండింటికి వేరే వేరే మాస్కులు పెట్టి కలిపిన, తల్లీపిల్లలు ఒక జాగల నిలబడ్డట్టు లేకుండె, ఎక్కడిదో తెచ్చి అతికిచ్చినట్టు ఉండె. మూడోనాడు అన్నీ వాపస్ తీసేసి కలర్లనే పెట్టి సార్‌కు ఫోన్ చేసిన, ఒక్కటి కలర్ల ఉంటే ఏమన్నా అనుకుంటరా సార్ అని. "మా అమ్మాయికి గదే ఇష్టం, ఉండనీ అన్నా" అన్నరు.